గోధుమ పడని వారి భోజనము

(రైతులకును, రైతు మహిళలకును జరిగిన శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి ఈ వేదిక మీద ఇదివరకే చాలమంది మాటలాడినారు. నేను ఈ పూట పొలము దాటి వంటయింటిలోనికి రాదలచితిని. గోధుమ తిన్నచో ఒంటికి పడని వారు కొందరు కలరు. వారి జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. దానికి మందు భోజనమే. ఆ భోజనమును పండించువారు మీరే, వండువారును మీరే. కనుక ఈ సంగతి డాక్టర్లకు మాత్రమే వదలివేయదగినది కాదు.

2016లో ప్రచురించబడిన ఒక పరిశీలన ప్రకారము ఉత్తర భారతమున సుమారు నూటికి ఒకరికి ఈ వ్యాధి ఉండగా, దక్షిణ భారతమున సుమారు వెయ్యికి ఒకరికి ఉన్నది. అనగా మూడు వేల జనాభా గల గ్రామములో ఇద్దరు ముగ్గురు ఉండవచ్చును. అది తక్కువే గదా అనవచ్చును. కాని ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటి బిడ్డయైనచో ఆ లెక్క మనకు ఊరట కలిగింపదు. పైగా మన తిండియు మారినది. ఉదయము ఉప్మా, సాయంత్రము బిస్కట్లు, రాత్రి అన్నమునకు బదులు పుల్కాలు మన పల్లెలకును అలవాటైనవి.

జబ్బు ఎట్లు కలుగును?

గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసుకుచు కడిగినచో తెల్లని పిండిపదార్థము నీటిలో కలిసిపోయి, చేతిలో సాగెడి జిగురు ముద్ద మిగులును. అది గ్లూటెన్ అను మాంసకృత్తు. చపాతీ సాగుటకు, బ్రెడ్డు పొంగుటకు అదే కారణము. జొన్నలో అది లేదు. అందుచేతనే జొన్నరొట్టెను చపాతీవలె కర్రతో ఒత్తుట కష్టము. వేడినీళ్ళతో పిండి కలిపి అరచేతితో తట్టవలసి వచ్చుచున్నది. గోధుమతోపాటు బార్లీ, రై అను ధాన్యములలో కూడ ఈ హాని చేయు మాంసకృత్తులు కలవు.

మొక్క వేళ్ళకు సన్నని నూగు ఉండునని మీకు తెలియును. నీరును, పోషకములను పీల్చునది ఆ నూగే. మన చిన్నప్రేగు లోపలి గోడకును అట్టి నూగు ఉన్నది. తిన్న ఆహారములోని సారమును రక్తములోనికి చేర్చునది అదే. సీలియాక్ వ్యాధి గలవారు గోధుమ తిన్నపుడు, శరీరము తన రక్షణ శక్తిని తన ప్రేగు మీదికే త్రిప్పుకొనును. క్రమముగా ఆ నూగు అరిగి చదునగును. ఇక పాలు త్రాగించినను, మాంసము పెట్టినను, బలము మాత్రలు మ్రింగించినను ఒంటికి పట్టదు. వేరు చెడిన మొక్కకు బస్తాల కొలది ఎరువు వేసిన ఏమి లాభము?

ఇది పుట్టుకతో వచ్చిన లక్షణము గలవారికే కలుగును. అంటువ్యాధి కాదు. రోగి తిన్న కంచములో తిన్నచో రాదు. చిన్నతనములోనే కాక, నలుబది, ఏబది ఏండ్ల వయస్సులో కూడ బయటపడవచ్చును.

గోధుమయే దీనికి మూలమని లోకమునకు తెలిపినవాడు నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విలెమ్ డికె. 1930 ప్రాంతములలోనే ఆయన ఇట్టి పిల్లలకు గోధుమ మాన్పించి చూచుచుండెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున 1944-45 చలికాలములో ఆ దేశమున బ్రెడ్డునకు గొప్ప కరవు వచ్చినది. ఊరంతయు ఆకలితో అలమటించుచుండగా ఈ వ్యాధి గల పిల్లలు కొంత తేరుకొనిరి. బ్రెడ్డు మరల దొరకగానే మరల చిక్కిరి. 1950లో ఆయన తన పరిశోధనను గ్రంథముగా సమర్పించెను. ఆనాటినుండి నేటివరకు ఈ వ్యాధికి చికిత్స ఒక్కటే: గ్లూటెన్ లేని భోజనము, జీవితాంతము.

ఎట్లు గుర్తింపవలెను?

పిల్లలలో ఎదుగుదల నిలిచిపోవుట, పొట్ట ఉబ్బి కాలుసేతులు సన్నబడుట, తరచు విరేచనములు, చిరాకు కనిపించును. నులిపురుగులని మందు వేయుదురు, దిష్టియని తీయించుదురు. నులిపురుగుల మందు మంచిదే, వేయవలసినదే. కాని వేసినను బిడ్డ తేరుకొననిచో అక్కడితో ఆగిపోరాదు.

పెద్దవారిలో విరేచనములు లేకయే వ్యాధి ఉండవచ్చును. నెలల తరబడి ఇనుము మాత్రలు మ్రింగినను తగ్గని రక్తహీనత ఒక ముఖ్యమైన గుర్తు. ఎముకల నొప్పులు, ఎడతెగని నీరసము, నోటిలో పుండ్లు, మోచేతులపైన, మోకాళ్ళపైన దురదతో కూడిన పొక్కులు, స్త్రీలలో గర్భము నిలువకపోవుట కూడ కొందరిలో కానవచ్చును. ఇవన్నియు వేరే కారణముల వలన కూడ వచ్చును. కనుక మీరే నిర్ణయించుకొనరాదు. పరీక్ష చేయించవలెను.

మొదట రక్తపరీక్ష. టీటీజీ ఐజీఏ అని చీటీ మీద వ్రాయుదురు. తరువాత అవసరమును బట్టి నోటిగుండా సన్నని గొట్టము పంపి, చిన్నప్రేగునుండి చిన్న ముక్కలు తీసి పరీక్షింతురు. ఇక్కడ ఒక హెచ్చరిక. పరీక్షకు ముందు గోధుమ మానివేయకుడు. మానివేసినచో రక్తములోని గుర్తులు క్రమముగా తగ్గిపోయి, జబ్బు ఉండియు లేనట్లు కనిపింపవచ్చును. పరీక్ష పూర్తియైన పిదపనే మానవలెను.

ఇంటిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలినచో తలిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు కూడ రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. వారికి వచ్చు అవకాశము ఇతరులకన్న చాల ఎక్కువ. అట్లే చిన్నతనముననే ఇన్సులిన్ సూదిమందు అవసరమగు మధుమేహము గల పిల్లలలో ఈ వ్యాధి తరచుగా ఉండును. చక్కెర జబ్బు అనగానే అన్నము మాన్పించి చపాతీలు పెట్టుట మన ఇండ్లలో వాడుక. రెండు జబ్బులును ఉన్న బిడ్డకు ఆ చపాతీయే హాని చేయును. కనుక అట్టి బిడ్డ చిక్కిపోవుచున్నచో డాక్టరుగారిని ఈ పరీక్షను గూర్చి తప్పక అడుగుడు.

ఏమి తినవచ్చును?

ఈ విషయములో మనము అదృష్టవంతులము. పంజాబు రైతు ఇంటిలో ఈ వ్యాధి వచ్చినచో మూడు పూటల భోజనము మారవలెను. మన ఇంటిలో చాలవరకు మారనక్కరలేదు. వరి, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ, అండుకొర్ర ఇవి ఏవియు గ్లూటెన్ గలవి కావు. పప్పులన్నియు, కూరగాయలు, పండ్లు, పాలు, పెరుగు, నెయ్యి, గ్రుడ్లు, చేపలు, మాంసము, వేరుసెనగ, నువ్వులు, సగ్గుబియ్యము నిరభ్యంతరముగా తినవచ్చును.

అయితే మూడు పూటల తెల్లబియ్యపు అన్నమే తిని ఊరకుండరాదు. ప్రేగు చెడియున్న కాలములో ఇనుము, కాల్షియము, విటమిన్లు కొరవడియుండును. వానిని తిరిగి కూడబెట్టవలెను. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. సజ్జలలో ఇనుము బియ్యములోకన్న ఎక్కువ. ఉదయము రాగిజావ లేక ఇడ్లీ, మధ్యాహ్నము అన్నము, పప్పు, ఆకుకూర, పెరుగు, సాయంత్రము గుప్పెడు వేయించిన వేరుసెనగ, రాత్రి జొన్నరొట్టె లేక కొర్రన్నము తీసికొనినచో ఏ కొరతయు ఉండదు. డాక్టరు వ్రాసిన ఇనుము, విటమిన్ మాత్రలు కొంతకాలము వాడవలసియుండును. మొదటి నెలలలో కొందరికి పాలు అరగవు. ప్రేగు బాగుపడిన పిదప సాధారణముగా అరుగును. అంతవరకు పెరుగు, మజ్జిగ వాడి చూడవచ్చును.

ఏవి మానవలెను?

చపాతీ, పూరీ, పరోటా, బ్రెడ్డు, బిస్కట్లు, కేకులు, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, గోధుమ సేమ్యా మానవలెను. ఉప్మా తినవలెననిన బియ్యపు రవ్వతో చేసికొనవలెను. మిఠాయిలలో కాజాలు, బాదుషాలు, గవ్వలు, మైదాతో చేసిన బొబ్బట్లు, కజ్జికాయలు పనికిరావు. అరిసెలు, పూతరేకులు, సున్నుండలు, నువ్వుండలు, పరమాన్నము మన ఇంటి బియ్యముతో, పప్పులతో చేసినవైనచో హాయిగా తినవచ్చును. హోటలులో మైసూరు బజ్జీ మైదాతో చేయుదురు. మిరపకాయ బజ్జీ సెనగపిండిదే అయినను అదే నూనెలో వేగును. కనుక రెండును మానవలెను. హలీములో గోధుమ పడును. ముస్లిము సోదరులు దీనిని గమనింపవలెను.

కంటికి కనిపించునవి ఇవి. కనిపించనివి మరికొన్ని కలవు. అందులో మొదటిది ఇంగువ. అంగడిలో దొరకు ఇంగువ చాలవరకు ముద్ద ఇంగువలో గోధుమపిండి లేక మైదా, బంక కలిపి చేసినది. పులిహోర, చారు, ఆవకాయ, అప్పడములు వీనిగుండ అది రోజును ఒంటిలో పడుచుండును. చపాతీ మానినను జబ్బు తగ్గలేదని నిరుత్సాహపడువారి ఇంటిలో మొదట వెదకవలసినది పోపుల డబ్బా. బియ్యపు పిండి కలిపిన ఇంగువయు అమ్మకమున ఉన్నది. డబ్బా మీద చదివి కొనవలెను. లేనిచో వెల్లుల్లి, జీలకర్రతో పోపు పెట్టుకొనుట మేలు.

రెండవది మాల్టు. బార్లీని మొలకెత్తించి చేసినదే సాధారణముగా మాల్టు. పాలలో కలుపుకొను పొడులు అనేకము దీనితో చేసినవి. రాగి మాల్టు ఇంటిలో రాగులు మొలకెత్తించి చేసికొన్నచో మంచిదే. కొన్నదైనచో అందులో గోధుమగాని, బార్లీగాని కలిసినదేమో చూడవలెను. బీరు కూడ బార్లీతో చేసినదే. కల్లులో గోధుమ లేదు గాని, దానిని సిఫారసు చేయుటకు నేను రాలేదు! మూడవది ఓట్సు. అది వేరు జాతి ధాన్యమే అయినను పొలములోను, మిల్లులోను గోధుమతో కలిసిపోవును. గ్లూటెన్ లేదని గుర్తు వేసినదియే, అదియు డాక్టరు అనుమతితోనే తినవలెను. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చు పొడిలో గోధుమ ఉన్నదేమో అక్కడి టీచరునడిగి తెలిసికొనుడు.

కొంచెము తిన్న ఏమగును?

ఈ ప్రశ్న ప్రతి ఇంటిలోను వచ్చును. లెక్క వేసి చూతము. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి పోయినచో ప్రేగు నూగు దెబ్బతినగలదని పరిశోధనలో తేలినది. ఒక పుల్కాకు 30 గ్రాముల పిండి పట్టుననుకొందము. అందులో గ్లూటెన్ సుమారు 3 గ్రాములు, అనగా 3,000 మిల్లీగ్రాములు. దానిని అరువది భాగములు చేసినచో ఒక్క భాగము 50 మిల్లీగ్రాములు. చిటికెన వ్రేలి గోరంత ముక్క రోజును పోయినను చాలునన్నమాట. తిన్ననాడు కడుపునొప్పి రాకపోవచ్చును. నొప్పి రానంతమాత్రమున హాని జరుగలేదని భావింపరాదు. వేరుపురుగు పట్టిన చేను కొన్ని దినములు పచ్చగానే కనిపించును గదా!

వేయించినను, ఉడికించినను, మొలకెత్తించినను గోధుమ గుణము పోదు. పాతకాలపు ఖప్లీ గోధుమలోను, ఎరువులు వేయక పండించిన గోధుమలోను గ్లూటెన్ ఉన్నది. మంచి పంట అగుట వేరు, ఈ రోగికి పనికివచ్చుట వేరు.

వంటయింటి జాగ్రత్తలు

అన్నిటికంటె సులువైన మార్గము ఇంటిల్లిపాదియు గోధుమ మానుట. మన ఇండ్లలో ఇది సాధ్యమే. ఒకే కుండ, ఒకే వంట. రోగి వేరుపడినట్లు బాధపడడు, వండు తల్లికి రెండు వంటల శ్రమ ఉండదు. అట్లు వీలుకానిచో ఈ క్రింది నియమములు పాటింపవలెను.

1. రోగి వంట మొదట చేసి మూత పెట్టి, చపాతీలు తరువాత చేసికొనవలెను.

2. జల్లెడ, అప్పడాల పీట, అప్పడాల కర్ర, రొట్టెల పెనము రోగికి వేరుగా ఉంచవలెను. వీని సందులలో, గరుకులలో పిండి నిలిచిపోవును. స్టీలు గిన్నెలు, కంచములు శుభ్రముగా తోమినచో అందరికి వాడవచ్చును.

3. రోగి పిండి డబ్బాలు పై అరలోను, గోధుమపిండి క్రింది అరలోను ఉంచవలెను. పైనుండి రాలిన పిండి క్రిందికే గదా పోవును.

4. పూరీలు వేయించిన నూనెను రోగి వంటకు వాడరాదు.

5. చపాతీ తిను చేతితో పచ్చడి జాడీలో, నేతి గిన్నెలో చేయి పెట్టరాదు. వారికి వేరు గిన్నెలో వడ్డింపవలెను.

వంటయింటిలో ఎంత జాగ్రత్తపడినను పిండిమర దగ్గర తప్పిపోవువారు అనేకులు. ఊరిలో మర ఒక్కటే. ముందు వచ్చినవారు గోధుమలు ఆడించుకొని పోదురు. వెంటనే మన జొన్నలు పోసినచో రాళ్ళలోను, గొట్టములోను నిలిచిన గోధుమపిండి మన పిండిలోనికి వచ్చును. మొదటి కిలో పిండి విడిచినంతమాత్రమున నమ్మకము లేదు. అటక మీద పడియున్న తిరుగలిని దింపి కడిగి వాడుకొనుడు, లేక ఇంటి మిక్సీలో ఆడించుకొనుడు. సెనగపిండియు అంగడిలో కొనక, సెనగపప్పు ఏరి ఇంటిలోనే విసురుకొనవలెను. ఇట్టి కుటుంబములు నాలుగైదు కలిసినచో, గోధుమ ఎన్నడును పోయని చిన్న మర ఒకటి మహిళా సంఘము ద్వారా పెట్టుకొనుటకు ఆలోచింపవచ్చును.

పెండ్లిండ్లు, పండుగలు, బడి

నలుగురిలో తిండిని గూర్చి మాటలాడుటకు మనవారు మొగమాటపడుదురు. ఆ మొగమాటమే జబ్బును పెంచును. విందునకు పోయినపుడు మొదటి బంతిలోనే కూర్చొనుడు. అప్పటికి గరిటెలు ఒకదానిలోనివి ఇంకొకదానిలోనికి మారియుండవు. అన్నము, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు చాలును. ఇంగువ సంగతి వంటవారినడుగుటలో చిన్నతనము లేదు. అన్నవరము ప్రసాదము గోధుమ నూకతో చేసినది. భక్తితో కళ్ళకద్దుకొని పక్కవారికి ఇచ్చినచో దోషమేమియు లేదు.

బడికి పోవు బిడ్డకు వేరుసెనగ ఉండ, అటుకులు, మరమరాలు, జొన్నపేలాలు మూటకట్టి పంపుడు. ఉపాధ్యాయునికి ముందుగా చెప్పి ఉంచుడు. తోటి పిల్లలు బిస్కట్లు పంచుకొనునపుడు బిడ్డ చేయి చాపును. కొట్టి మాన్పింపరాదు. ఎందుకు తినరాదో వానికి తెలియునట్లు చెప్పవలెను. తెలిసిన పిల్లవాడు తనంత తానే వద్దనును.

ఆడపిల్లకు ఈ వ్యాధి ఉన్నచో సంబంధము కుదుర్చునపుడు దాచవద్దు. దాచినచో అత్తవారింట కోడలు అందరితోపాటు చపాతీ తినవలసివచ్చి తిరిగి జబ్బుపడును. నియమము పాటించు స్త్రీలు సాధారణముగా ఆరోగ్యవంతులై, బిడ్డలను కని పెంచుకొనుచున్నారు. ఈ మాట వియ్యాలవారికి ధైర్యముగా చెప్పవచ్చును. అత్తగారు కోడలికి పెట్టు మంచి ఇల్లు అనిన, కోడలి కంచములో పడునదేదో కనిపెట్టి చూచు ఇల్లే.

పండించువారికి ఒక మాట

2023 సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. నాటినుండి జొన్న, కొర్ర పిండులను గ్లూటెన్ లేనివని పొట్లములు కట్టి అమ్ముటకు అనేకులు ముందుకు వచ్చుచున్నారు. సంతోషమే. కాని ఆ మాట పొట్లము మీద అచ్చువేయుటకు నియమము కలదు. కిలో ఒక్కింటికి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. మన పంట స్వతహాగా నిర్దోషియే అయినను కల్లము, కోతయంత్రము, గోనెసంచి, మర ఇవి దానిని చెరుపగలవు. గోధుమ సాగు ఉన్న ప్రాంతములలో కోతయంత్రమును శుభ్రము చేయించి దింపుడు. గోధుమ నింపిన పాత గోనెలు వాడవద్దు. పిండిని పరీక్షశాలలో పరీక్ష చేయించిన పిదపనే ఆ గుర్తు వేయుడు. ఆ పొట్లమును నమ్మి కొనునది చాలవరకు జబ్బుపడిన బిడ్డ తల్లి యని మరువరాదు.

ఇంకొక మాట. ఈ వ్యాధి లేనివారు గోధుమను చూచి భయపడనక్కరలేదు. అది మంచి ఆహారమే. చాలమందికి పడినది కొందరికి పడకపోవుట వారి తప్పు కాదు, గోధుమ తప్పును కాదు.

నియమము తప్పక పాటించినచో కొన్ని వారములలోనే ఆకలి పుట్టును, కొన్ని నెలలలో బరువు పెరుగును. ప్రేగు పూర్తిగా మానుటకు పెద్దవారికి రెండేండ్లు, అంతకు మించియు పట్టవచ్చును. ఏడాదికొకసారియైనను డాక్టరుగారికి చూపించి రక్తపరీక్ష చేయించుకొనవలెను. బాగుపడినదని మరల గోధుమ మొదలుపెట్టరాదు. బాగుపడుటకు కారణము మానుటయే.

ఇండ్లకు చేరిన పిదప మీ వాడకట్టులో మాత్రలు మ్రింగినను రక్తము పట్టని ఇల్లాలు, ఎంత పెట్టినను ఎదుగని బిడ్డ ఉన్నారేమో ఒక్కసారి ఆలోచించి చూడుడు. ఉన్నచో గోధుమ మానుమని మాత్రము చెప్పకుడు. ముందు పెద్ద ఆసుపత్రికి పోయి ఈ పరీక్ష చేయించుకొనుమని చెప్పుడు.